పరలోకాన్ని మళ్లీ ప్రసంగించండి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మియాపూర్ సంఘాల్లో సేవ చేస్తున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు,

మీకొక మనవి చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను. మన సంఘాల్లో పరలోకం గురించి ప్రసంగాలు బాగా తగ్గిపోయాయి. వాటిని మళ్లీ మొదలుపెట్టండి. నేనడిగేది ఇదే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత పొడవైంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన సంగతే చూడండి. పన్నెండు దాటాక అందరం వరసలో నిలబడి వాగ్దాన కార్డులు తీసుకుంటాం. ఆ రాత్రి వాక్యమంతా కొత్త ఏడాదిలో తెరుచుకోబోయే ద్వారాల గురించే. ప్రమోషను, హెచ్‌1బీ, సొంత ఫ్లాటు, పెళ్లి సంబంధం, సంతానం. ఆదివారం సాక్ష్యాలూ ఇవే. వీటి కోసం ప్రార్థించడం తప్పని నేననను. ఏ రోజు అన్నం ఆ రోజు అడుక్కోమని ప్రభువే నేర్పాడు. అయితే అదే ప్రార్థనలో, అన్నం కంటే ముందు, పరలోకంలో జరుగుతున్నట్టే భూమ్మీద కూడా తండ్రి చిత్తం జరగాలని అడగమన్నాడు. ఆ మాట వారం వారం మా నోట పలికిస్తూనే ఉన్నారు. పరలోకంలో ఏం జరుగుతోందో, ఇక్కడ మేమేం చేస్తే అది జరిగినట్టో మాత్రం చెప్పడం లేదు.

ఇప్పుడు మన దగ్గర పరలోకం చావు జరిగిన ఇంటికే పరిమితమైంది. ఫ్లెక్సీ మీద ‘మహిమ ప్రవేశం’ అని రాయిస్తాం. ఆదరణ కూడికలో కాసేపు వాక్యం చెబుతారు. ఏడుస్తున్నవాళ్లకు అది కావాలి, నిజమే. కానీ సోమవారం పొద్దున బ్యాగు తగిలించుకుని మెట్రో ఎక్కేవాడికి దాంతో పని లేదన్నట్టు తయారయ్యాం. మన ముందు తరాలవాళ్లు ఇలా లేరు. వాళ్ల సోమవారాన్ని కూడా పరలోకమే నడిపించింది.

మాది ఒంగోలు వైపు పల్లె (ఊరికి బయట ఉండే దళితవాడ), బాప్టిస్టు సంఘం. మా ప్రాంతంలో క్రైస్తవ సంఘం కథ 1866లో యెర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ దంపతులు తీసుకున్న బాప్తిస్మంతో ఊపందుకుంది. పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. పదేళ్ల తర్వాత పెద్ద కరువొచ్చింది. మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి పని చూపించాడు. కూటి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అలా చేరినవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటిది ఇప్పుడు వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఆసామి కింద బతికే మనిషి వారంలో ఒక రోజు పనికి రానంటే ఆ కాలంలో ఏమవుతుందో ఊహించండి. గింజలు ఆపేస్తారు. పాత అప్పు ఇప్పుడే కట్టమంటారు. కరణం, మునసబు పల్లె మీదికి వస్తారు. ఇవన్నీ జరిగాయి. అయినా వాళ్లు ఆదివారం పనికి వెళ్లలేదు.

అంత ధైర్యం ఎక్కడిదని చిన్నప్పుడు నాయనమ్మను అడిగేదాన్ని. ఆమె పొగాకు గ్రేడింగ్ కూలి. సీజన్లో ఆదివారం కూడా రమ్మంటే వెళ్లేది కాదు. ఆమె చెప్పిన జవాబు ఒక్కటే. “మనం పోబోయే ఊళ్లో పల్లె వేరుగా ఉండదమ్మా. అక్కడ అందరిదీ ఊరే. అక్కడికి పోయేదాన్ని, ఇక్కడ ఆసామికి భయపడితే ఎట్టా?” ఆమె బైబిలు చదవడం పెద్దయ్యాక, వాక్యం నేర్పే బైబిలు అమ్మ దగ్గర కూడబలుక్కుని నేర్చుకుంది. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయాలు ఆమెకు కంఠతా వచ్చు. ఆ పట్టణానికి పన్నెండు గుమ్మాలుంటాయి, పగలు ఏ గుమ్మమూ మూయరు, రాత్రి అనేదే అక్కడ ఉండదు. ఊరి బయట, గాలివాటు చూసి వేసిన గుడిసెల్లో పుట్టిన మనిషికి మూయని గుమ్మం గురించి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

చనిపోయాక దొరికేదాన్ని చూపించి బతికుండగా నోరు మూయించారని క్రైస్తవ్యం మీద పాత విమర్శ ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు, దాని సంగతి తర్వాత రాస్తాను. మా పల్లెలో మాత్రం పరలోకం నోరు మూయించలేదు, తెరిపించింది. వాక్యం చదవాలంటే అక్షరాలు రావాలి కాబట్టి రాత్రి బడి పెట్టుకున్నారు. అక్షరాలొచ్చిన పిల్లలు మిషన్ బోర్డింగుకు వెళ్లారు. వాళ్లలో కొందరు టీచర్లు, నర్సులు అయ్యారు. వాళ్ల పిల్లలు ఇంజినీరింగు చదివారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక, అమీర్‌పేటలో కోర్సులు చేసి మాదాపూర్‌లో ఉద్యోగాలు వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో మా పల్లెల పిల్లలూ ఉన్నారు. ఈ రోజు మీ కుర్చీల్లో కూర్చున్న మాలో ఎంతోమందిమి ఆ రాత్రి బడి దారిలో వచ్చినవాళ్లమే.

అలాంటి మేం ఆదివారాన్ని ఎంత సులువుగా వదిలేశామో చూడండి. క్లయింటు అమెరికాలో ఉంటాడు కాబట్టి రిలీజు శనివారం రాత్రి పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం దాకా కాల్‌లో ఉంటాం. ఆసుపత్రి నర్సుకు, పోలీసుకు, ఫైర్ సిబ్బందికి ఆదివారం డ్యూటీ తప్పదు, వాళ్ల సేవ కూడా ఆరాధనే. కానీ మన దగ్గర చాలా పనులు అలా తప్పనివి కావు. ఎవరో తేదీ ముందుకు జరిపితే కాదనలేక చేస్తున్నవి. ఇంకో సంగతి ఉంది. ఆ తేదీ ముందుకు జరిపే మేనేజర్లలో కొందరు మీ సంఘ పెద్దలు. తాము ఆరాధనకు వచ్చి, కింది ఉద్యోగుల్ని ఆఫీసులో కూర్చోబెడుతున్నారు. విశ్రాంతి దినం పరలోకపు విశ్రాంతికి ముందు రుచి అని హెబ్రీ పత్రిక నేర్పుతుంది. ఆ రుచి మనం చూస్తూ, మన చేతి కిందివాళ్లను చూడనివ్వకపోతే దేవుడు మెచ్చుకుంటాడా? మా అపార్టుమెంట్లలో వంట చేసే అమ్మలకు, పిల్లల్ని చూసుకునే ఆయాలకు వారానికో రోజు సెలవుందా అని పీఠం మీద నుంచి ఒకసారి అడగండి. ఎంతమంది తలలు దించుకుంటారో మీకే తెలుస్తుంది. ఆ అమ్మల్లో చాలామంది తెలుగు ఆరాధనకు రావాలనుకుని రాలేకపోతున్న మన విశ్వాసులే.

సాక్ష్యాల గురించి కూడా చెప్పాలి. నకిలీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల సంగతి ఈ ఐటీ కారిడార్‌లో తెలియనివాళ్లు లేరు. చేయని ప్రాజెక్టులు చేసినట్టు, లేని కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు పుట్టించి ఉద్యోగంలో చేరతారు. ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇస్తారు. అలా దొరికిన ఉద్యోగానికి కూడా మన సంఘాల్లో సాక్ష్యం చెబుతున్నారు, మేం చప్పట్లు కొడుతున్నాం, మీరు ఆమెన్ అంటున్నారు. ఆ పిల్లల కష్టం నాకు తెలుసు. ఇంటి దగ్గర అప్పు ఉంటుంది, హాస్టల్ ఫీజు బాకీ ఉంటుంది, ఫ్రెషర్లకు పిలుపులుండవు. వాళ్లను అందరి ముందు నిలదీయమని నేనడగడం లేదు. చివరి రోజున గ్రంథాలు తెరుస్తారనీ, ఎవరి పనులు వాళ్ల ముందు చదువుతారనీ మనం నమ్ముతున్నాం కదా. ఆ నమ్మకం గట్టిగా వినపడే సంఘంలో, తెల్లారితే ఉద్యోగం పోతుందని తెలిసినా ఆ లెటరు చింపేసే పిల్లాడు ఒకడైనా ఉంటాడు. వాడికి మళ్లీ ఉద్యోగం దొరికేదాకా పక్కన నిలబడి, ఫీజు కట్టి, నిజమైన రెజ్యూమె రాయించి, తెలిసినచోటల్లా మాట సాయం చేసే సంఘం కూడా అప్పుడే తయారవుతుంది.

ఈ నకిలీ లెటర్ల సంగతిని ఇంకో విషయంతో కలిపేయకండి. మాలో చాలామందికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టుకున్నది ఒకటి, స్కూలు రికార్డులో ఉన్నది ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. దళితులు క్రైస్తవులైతే మన రాష్ట్రాల్లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్లోకి వస్తారు. పల్లె నుంచి వచ్చిన మనిషి పేరు మార్చుకుంటే అతని మీద జరిగే వివక్ష ఆగిపోతుందా? చట్టం చేసిన ఆ అన్యాయం మధ్య ఆఫీసులో ఒక పేరుతో, ఆరాధనలో ఒక పేరుతో బతుకుతున్న పిల్లలు మీ ముందే కూర్చుంటారు. అబద్ధపు అనుభవం చూపించి వేరొకరి అవకాశం తీసుకున్నవాడితో వాళ్లను సమానం చేయకండి, పిరికివాళ్లని తిట్టకండి. ఆ పేరా మీద పోరాడాల్సింది సంఘాలు. జీవగ్రంథంలో రాసిన పేరును ఏ ధ్రువపత్రమూ కొట్టేయలేదని మీరు చెబితే, ఆ పిల్లలు ఆ రాత్రి కాస్త తేలికపడి నిద్రపోతారు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతున్న సంగతి రాస్తాను. మన సంఘాల్లో చాలాచోట్ల పొద్దున ఇంగ్లీషు ఆరాధన, దాని తర్వాత తెలుగు ఆరాధన. మొదటిదానికి కార్లొస్తాయి. అవి గేటు దాటుతుండగా రెండోదానికి షేర్ ఆటోలొస్తాయి. అదే పీఠం, అవే కుర్చీలు, అదే ప్రభువు బల్ల. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. తమిళులకు, మలయాళీలకు, ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు ఇంగ్లీషు ఆరాధన కావాలి, దాన్ని తీసేయమని ఎవరూ అనరు. కానీ ఇంట్లో తెలుగు, ఫోన్లో తెలుగు మాట్లాడుకునే మేమెందుకు అక్కడ కూర్చుంటున్నామో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మేం పనిచేసే టవర్లో గాజు తుడిచే చెల్లెలు, గేటు దగ్గర నిలబడే అన్న, మధ్యాహ్నం భోజనం పార్సిల్ తెచ్చే తమ్ముడు రెండో ఆరాధనలో ఉంటారు. నాయనమ్మ తనకిక ఉండదనుకున్న పల్లెను మేం గుడి లోపల, గడియారం పెట్టుకుని మరీ కట్టుకున్నాం.

ఇదే నగరంలో ఇంకోలా బతికి చూపించినవాళ్లున్నారు. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను మందిరంలో 1950ల నుంచి భక్త సింగ్ గారు పరిశుద్ధ సమావేశాలు నడిపారు. వేల మంది వచ్చి, షామియానాల కింద పడుకుని, నేల మీద బంతిలో కూర్చుని కలిసి తినేవాళ్లు. ఏ కులం, ఏ జిల్లా, ఎంత జీతం అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆరాధన అయ్యాక కలిసి భోంచేయడాన్ని ప్రేమవిందు అన్నారు. గొర్రెపిల్ల విందులో కలిసి కూర్చోబోయేవాళ్లం ఇక్కడ ముందుగా అలవాటు చేసుకోవాలి కదా అన్నది ఆ పద్ధతి వెనకున్న నమ్మకం. డబ్బు కోసం ఆయన సభల్లో ఎవరినీ అడగలేదు. 2000 సెప్టెంబరులో ఆయన చనిపోతే జనసముద్రం నారాయణగూడ శ్మశానం దాకా నడిచింది. ఆ జనంలో ఎక్కువమంది ఆ బంతుల్లో తిన్నవాళ్లే అయ్యుంటారు.

తెలుగు క్రైస్తవ చరిత్రకు ఈ విషయంలో మచ్చ కూడా ఉంది. మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా నడిచిన ఊళ్లున్నాయి. పైకులాల నుంచి వచ్చిన కాథలిక్కులకు, దళిత కాథలిక్కులకు సమాధి స్థలాలు విడివిడిగా ఉన్న చోట్లున్నాయి. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు ఆయనే. ఎంతో సంతోషించాం. అయితే ఆ సంతోషం కొండాపూర్‌లో రెండు ఆరాధనల మధ్య గేటు దాకా రావాలి.

యెషయా గ్రంథంలో కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి చెప్పేచోట ఒక చిన్న వివరం ఉంది. ఇళ్లు కట్టినవాళ్లే వాటిలో కాపురముంటారు, తోటలు నాటినవాళ్లే ఆ పండ్లు తింటారు. ఒకరు కట్టడం, ఇంకొకరు ఉండటం అక్కడ ఉండదు. నానక్‌రాంగూడ, కోకాపేట వైపు వెళ్తూ ఈ మాట గుర్తు తెచ్చుకోండి. యాభై అంతస్తుల టవరు పక్కనే రేకుల షెడ్లలో ఆ టవరు కడుతున్న పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, జార్ఖండ్ కూలీలుంటారు. ఇల్లు పూర్తయ్యాక వాళ్లు లోపలికి అడుగు పెట్టలేరు. మా గేటెడ్ కమ్యూనిటీల్లో పనివాళ్లకు లిఫ్టు కూడా వేరే. ప్రవక్త చూసిన లోకం కోసం ఎదురుచూస్తున్నామని చెప్పుకునేవాళ్లం సొసైటీ మీటింగులో ఆ లిఫ్టు రూలు గురించి చెయ్యెత్తి మాట్లాడలేకపోతే మన ఎదురుచూపును ఎవరు నమ్ముతారు? ఒక్క ప్రసంగం చెప్పండి చాలు. మాలో కొందరమైనా చెయ్యెత్తుతాం.

ఇది వాక్యం నుంచి పక్కకు పోవడం అనుకునే పెద్దలుంటారు. వాళ్ల కోసం కొరింథీ మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం తెరవమంటున్నాను. మృతుల పునరుత్థానం గురించి బైబిల్లో ఇంత విస్తారంగా రాసిన చోటు ఇంకొకటి లేదు. కడబూర, మట్టి శరీరం మహిమ శరీరంగా మారడం, మరణం ఓడిపోవడం, అన్నీ అక్కడున్నాయి. ఆ ఎత్తు నుంచి పౌలు ఎక్కడికి దిగుతాడు? ప్రభువులో మీరు పడే ప్రయాస వృథా కాదు, కాబట్టి స్థిరంగా పనిచేయండి అంటాడు. ఆ వెంటనే, యెరూషలేము పేదల కోసం చందా ఎలా పోగుచేయాలో చెబుతాడు. మధ్యలో ఇప్పుడు కనిపించే అధ్యాయం గీత పదమూడో శతాబ్దం నాటిది, పౌలు గీసింది కాదు. ఆయన ఉత్తరంలో కడబూర మాట, కానుక డబ్బుల మాట పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటిది సమాధి దగ్గరా, రెండోది బిల్డింగ్ ఫండ్ రోజునా చదువుతున్నాం.

1968 ఏప్రిల్ 3న, చనిపోవడానికి ముందు రాత్రి, మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్‌లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మె కోసం మాట్లాడాడు. కొత్త యెరూషలేము గురించి చెప్పుకోవడం మంచిదే, అయితే దేవుని సేవకులు ఒకనాటికి కొత్త మెంఫిస్ గురించి కూడా చెప్పాలి అన్న భావం ఆ ప్రసంగంలో ఉంది. ఆయన పరలోకాన్ని పక్కన పెట్టి అలా అనలేదు. తాను వాగ్దాన దేశాన్ని కొండ మీద నుంచి చూశాననీ, ఇక ఎవరికీ భయపడననీ అదే రాత్రి చెప్పాడు. చెత్త ఎత్తేవాళ్ల కూలి కోసం ప్రాణం పోగొట్టుకున్న మనిషికి ఆ భయం లేనితనం ఎక్కడ నుంచి వచ్చిందో మీరు మాకు చెప్పాలి. కొత్త సైబరాబాద్ ఎలా ఉండాలో కూడా మీ నోటితోనే వినాలి.

ఇప్పుడు పాత విమర్శ దగ్గరికొస్తాను. పరలోకాన్ని చూపించి మనుషుల్ని అణచిన మాట నిజం. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లకు, సహించమ్మా, పైన కిరీటం ఉంది అని చెప్పి వెనక్కి పంపిన సేవకులున్నారు. దయచేసి ఆ మాట ఇక ఎవరూ అనకండి. కన్నీళ్లు తుడిచే దేవుడు ఆ కన్నీళ్లు పెట్టించేవాడి తరఫున మాట్లాడడు. రాకడ తేదీలు లెక్కకట్టి వీడియోలు చేసేవాళ్లున్నారు. నరకం బొమ్మలు చూపించి పసిపిల్లల్ని రాత్రుళ్లు ఉలిక్కిపడేలా చేసేవాళ్లున్నారు. ప్రభువు రేపో మాపో వస్తాడని పని మానేసి కూర్చున్నవాళ్లను థెస్సలొనీక సంఘంలో పౌలే మందలించాడు. పరలోకాన్ని ఇలా పాడుచేసినవాళ్లను చూసి మీలో మంచివాళ్లు ఆ అంశాన్నే వదిలేశారేమో అని నా అనుమానం. మీరు వదిలేసిన కొద్దీ అది వాళ్ల చేతుల్లోకే పోతోంది.

మీరు వదిలేయడం వల్ల ఎవరు నష్టపోతున్నారో చెబుతాను. 2023 నుంచి మా కంపెనీల్లో తొలగింపులు వార్తలుగా కూడా మిగల్లేదు, అలవాటైపోయాయి. శుక్రవారం సాయంత్రం పది నిమిషాల మీటింగు, ఆ తర్వాత లాప్‌టాప్ లాగిన్ అవదు. మీ సంఘంలో కానుకల పెట్టె మోసే తమ్ముడికే అలా జరుగుతుంది. ఈఎంఐ ఉంటుంది, ఇంటి దగ్గర చెప్పలేడు. ఆ ఆదివారం మీ ప్రసంగం, నమ్మినవాణ్ని దేవుడు తలగా చేస్తాడు కానీ తోకగా చేయడు అని సాగుతుంది. అతను ఏమనుకుంటాడు? తన విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. తర్వాతి ఆదివారం రాడు. ఎందుకు రాలేదని అడిగితే ఊరెళ్లానంటాడు. ఈ లోకంలో దొరికేవాటితోనే దేవుని ప్రేమను కొలిచి చూపించే సంఘంలో, అవి పోయిన మనిషికి కూర్చోవడానికి చోటుండదు. పాత విశ్వాసులకు ఈ ఇబ్బంది లేదు. కరువులో, కలరాలో, బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లలో వాళ్లు పాడుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పరలోకపు పాటలు ఎన్ని ఉన్నాయో పుస్తకం తిప్పితే తెలుస్తుంది. తన విలువ అప్రైజల్ రేటింగులో లేదని, ఎవరూ లాక్కోలేనిచోట అది భద్రంగా ఉందని నమ్మినవాడు, ఉద్యోగం పోయిన రోజున కుంగిపోతాడు, ఏడుస్తాడు, కానీ కూలిపోడు. డాక్టరు అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపండి, అప్పు అవసరమైతే సంఘం ఇవ్వండి. వీటన్నిటితో పాటు ఆ నమ్మకాన్ని కూడా ముందే ఇచ్చి ఉంచండి. నీళ్లు అవసరమైన రోజున బావి తవ్వడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

సమాధుల విషయం కూడా మీ ముందు పెడుతున్నాను. శరీరం తిరిగి లేస్తుందని విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం ఒప్పుకుంటున్నాం. శరీరాన్ని అంత గౌరవించినవాళ్లు కాబట్టే 1898లో గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, ఎవరూ ముట్టుకోని కుష్ఠు రోగుల పుండ్లు కడగడానికి కూర్చుంది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఆ పనికి అండగా నిలిచారు. ఆ వారసత్వం ఉన్న మనం ఈ ఐటీ ప్రాంతంలో చనిపోయిన విశ్వాసికి చోటు చూపించలేకపోతున్నాం. నారాయణగూడ లాంటి పాత శ్మశానాలు చాలా వరకు నిండిపోయాయి, కుటుంబ సమాధుల్ని తవ్వి అందులోనే మళ్లీ పెడుతున్నారు. కాథలిక్ సంఘం 1963లోనే దహనాన్ని అనుమతించింది, కొందరు అది ఎంచుకుంటున్నారు, వాళ్ల పునరుత్థానానికేమీ లోటు రాదు. కానీ పూడ్చాలనుకునే పేద విశ్వాసి, నలభై ఏళ్లుగా ఏ శ్మశాన కమిటీలోనూ సభ్యత్వం లేని వలస కూలి చనిపోతే అతని భార్య రాత్రికి రాత్రి ఫోన్లు చేసుకుంటూ ఎక్కడికి పోవాలి? చివరికి అంబులెన్సు మాట్లాడుకుని ఆరేడు గంటల దూరం సొంతూరికి తీసుకెళ్తున్నారు. బాప్టిస్టు, సీఎస్‌ఐ, కాథలిక్, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలన్నీ కలిసి ప్రభుత్వాన్ని ఈ వైపు స్థలం అడగండి. విడివిడిగా అడిగితే ఏ దరఖాస్తూ కదలదు. స్థలం వచ్చాక చనిపోయినవాడి డినామినేషను అడగకుండా గేటు తీయండి.

మీలో కొందరు ఆగమన కాలం పాటిస్తారు, కొందరు పాటించరు. పాత సంఘంలో క్రిస్మస్‌కు ముందు ఆ నాలుగు ఆదివారాలూ మరణం, తీర్పు, పరలోకం, నరకం గురించి ప్రసంగించే ఆనవాయితీ ఉండేది. ఇప్పుడు ఆ వారాలు సెమీ క్రిస్మస్ కేకులతో, కంపెనీ క్యాంపస్‌లలో క్యారల్ పాటలతో నిండిపోతున్నాయి. కేకులు ఉండనివ్వండి, పాటలూ ఉండనివ్వండి. ఈ డిసెంబరులో ఆ నాలుగు ఆదివారాలు మాకు పరలోకం చెప్పండి. భయపెట్టొద్దు, మభ్యపెట్టొద్దు. ప్రకటన గ్రంథం చివరి రెండు అధ్యాయాలు, యెషయా అరవై అయిదు, కొరింథీ పదిహేను, లూకా సువార్తలో ధనవంతుడి గుమ్మం దగ్గర పడి ఉన్న లాజరు కథ, ఈ నాలుగూ చాలు. ఆ నాలుగు వారాలూ ఇంగ్లీషు, తెలుగు ఆరాధనలు కలిపి ఒకే వేళకు పెట్టండి. తెలుగు రానివాళ్లకు మా పిల్లలు పక్కన కూర్చుని అర్థం చెబుతారు. హౌస్‌కీపింగు, సెక్యూరిటీ షిఫ్టులవాళ్లు రాగలిగే సమయం ఏదో ముందు వాళ్లనే అడిగి ఖాయం చేయండి. ఆరాధన అయ్యాక అందరం ఒకే బంతిలో భోంచేద్దాం. ఖర్చు, వంట, వడ్డన కొండాపూర్ సెల్ గ్రూపులవాళ్లం చూసుకుంటాం. నవంబరు మొదటి వారంలోపు మీ నిర్ణయం చెబితే సరుకులు తెప్పించుకోవడానికి, షిఫ్టుల పిల్లలు సెలవు పెట్టుకోవడానికి వీలవుతుంది.

ఇట్లు,
కొండాపూర్ నుంచి,
మీ సంఘ విశ్వాసి ఒకతె